పాతిక బైట్ల ప్రయాణం

తెనాలిలో అమ్మ ‘తిన్నావా?’ అని రాస్తే డాలస్‌లో కొడుకు ఫోను మోగుతుంది. ఆ రెండు ఫోన్ల మధ్య ఏముంది? ఇంట్లోని వైఫై పెట్టె నుంచి సముద్రం అడుగున పరిచిన కేబుల్ దాకా, మనం రోజూ వాడే ఇంటర్నెట్‌ను మొదటి మెట్టు నుంచి తెలుసుకుందాం.

రాత్రి తొమ్మిది దాటింది. తెనాలిలో ఒక అమ్మ వంటింటి పని ముగించుకుని, ఫోను తీసి, డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుక్కి ‘తిన్నావా?’ అని వాట్సాప్ చేస్తుంది. అక్కడ అప్పుడే పొద్దెక్కుతోంది. ‘తిన్నానమ్మా, నువ్వు?’ అని జవాబు వస్తుంది. అమెరికాలోనో గల్ఫ్‌లోనో పిల్లలున్న తెలుగిళ్లలో రోజూ జరిగే ముచ్చటే ఇది.

ఆ పలకరింపును యంత్రం ఎలా చూస్తుందో గమనించండి. త, గుడి, న, పొల్లు, మళ్లీ న, దీర్ఘం, వ, దీర్ఘం: మొత్తం ఎనిమిది గుర్తులు. ప్రపంచ భాషలన్నిటికీ సంకేతాలు కేటాయించిన యూనికోడ్ పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. చివరి ప్రశ్నార్థకానికి ఒకటి చాలు. వెరసి 25 బైట్లు. బైటుకు ఎనిమిది బిట్ల చొప్పున 200 సున్నాలు, ఒకట్లు. అమ్మ ఆప్యాయతంతా ఆ వరసలోకి మారి 14 వేల కిలోమీటర్లకు పైగా దూరం దాటుతుంది. మనం రెప్ప వేసి తెరిచేలోపు ఆ పని అయిపోతుంది.

ఇది మంత్రం కాదు. మనుషులు కూర్చుని ఆలోచించి, తమలో తాము ఒప్పుకుని రాసుకున్న నియమాల ఫలితం. పింఛను, బ్యాంకు ఖాతా, పిల్లల చదువు, ధాన్యం అమ్మిన డబ్బు... అన్నీ ఈ దారినే నడుస్తున్న రోజుల్లో ఆ నియమాల గురించి కాస్తయినా తెలిసి ఉండటం ఇప్పుడు అక్షరాస్యతలో భాగం. నెట్ ఆగినప్పుడు ఎక్కడ ఆగిందో కనిపెట్టాలన్నా, మోసగాడి లింకును గుర్తుపట్టాలన్నా, ‘మా ఊరికి ఫైబర్ ఎందుకు రాలేదు?’ అని నిలదీయాలన్నా ముందు దారి తెలియాలి. ఆ పాతిక బైట్ల వెంట మనమూ బయల్దేరదాం.

మొదటి మజిలీ మన ఇల్లే

రెండు పరికరాలు సమాచారం ఇచ్చిపుచ్చుకునేలా కలిస్తే అది నెట్‌వర్క్. అలా చూస్తే వైఫై ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక నెట్‌వర్క్ ఉన్నట్టే. అమ్మ ఫోను, నాన్న ఫోను, టీవీ, ల్యాప్‌టాప్, ఉంటే ప్రింటరు. వీటన్నిటికీ మధ్యవర్తి రౌటర్. ఫోనుకూ రౌటర్‌కూ మధ్య తీగ ఉండదు కానీ రేడియో తరంగాలు ఉంటాయి. ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లలో ఇవి నడుస్తాయి. మొదటిది గోడలు దాటి కాస్త దూరం పోతుంది, వేగం తక్కువ. రెండోది వేగంగా ఉంటుంది, గోడ అడ్డం వస్తే బలహీనపడుతుంది. రౌటర్‌ను టీవీ వెనకో, ఇనప బీరువా పక్కనో పెట్టి ‘పడగ్గదిలో సిగ్నల్ రావట్లేదు’ అనుకునేవాళ్లు దాన్ని ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో పెట్టి చూడండి. ప్లాన్ మార్చకుండానే తేడా కనిపిస్తుంది.

ఫోను వైఫైలో చేరగానే రౌటర్ దానికొక అంకెల చిరునామా ఇస్తుంది. దాన్నే ఐపీ అడ్రస్ అంటారు. సాధారణంగా ఇంట్లో ఇది 192.168.1.5 లాంటి రూపంలో ఉంటుంది. ఇలాంటి అంకెలు ఇంటి లోపలి వాడకానికే. మీ పక్కింట్లోనూ, విశాఖలోనూ, డాలస్‌లోనూ ఇదే అంకె ఉన్న ఫోన్లు లక్షల్లో ఉంటాయి. బయటికి వెళ్లేటప్పుడు రౌటర్ ఆ లోపలి అంకెను తీసేసి, నెట్ కంపెనీ తనకిచ్చిన అంకెను పెడుతుంది. జవాబు తిరిగి రాగానే అది ఏ ఫోను అడిగినదో తన పట్టికలో చూసి అందజేస్తుంది. ఇంట్లో పది పరికరాలున్నా బయటి ప్రపంచానికి ఒకే చిరునామా కనిపించేది ఇందుకే. చాలా కంపెనీలు ఇదే పనిని తమ దగ్గర మరోసారి చేసి, ఒకే అంకెను ఎన్నో ఇళ్లకు పంచుతున్నాయి కూడా.

తీగ లేకుండా కంప్యూటర్లను కలపాలన్న పట్టుదల మొదట పండింది పసిఫిక్ మహాసముద్రం నడుమ. హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ ఆబ్రమ్‌సన్ బృందం 1971లో దీవుల మధ్య రేడియో ద్వారా కంప్యూటర్లను కలిపింది. ఆ ప్రయోగం గురించి చదివిన బాబ్ మెట్‌కాఫ్ 1973లో జిరాక్స్ పరిశోధనశాలలో ఈథర్నెట్‌కు రూపమిచ్చాడు. రౌటర్ వెనక మనం గుచ్చే నీలమో పసుపో రంగు తీగ నడిచేది ఆ పద్ధతిలోనే.

ముక్కలైతేనే ముందుకు

పాత టెలిఫోన్లో ఇద్దరు మాట్లాడుతుంటే ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక లైను పూర్తిగా వాళ్లదే. మౌనంగా ఉన్నా లైను మరొకరికి దొరకదు. కంప్యూటర్లకు ఈ పద్ధతి నప్పలేదు. అవి ఉన్నట్టుండి బోలెడు సమాచారం పంపుతాయి, ఆ తర్వాత చాలాసేపు ఊరుకుంటాయి. 1960ల్లో అమెరికాలో పాల్ బారన్, బ్రిటన్‌లో డొనాల్డ్ డేవిస్ ఒకరికొకరు తెలియకుండానే ఒకే పరిష్కారానికి వచ్చారు. సమాచారాన్ని చిన్న చిన్న ముక్కలు చేద్దాం. ప్రతి ముక్క మీదా గమ్యం రాద్దాం. ఏ దారి ఖాళీగా ఉంటే ఆ దారిన పోనిద్దాం. ఆ ముక్కలకు ‘ప్యాకెట్లు’ అని పేరు పెట్టింది డేవిస్.

తెనాలి నుంచి అన్నవరానికి ఇరవై కార్లలో బయల్దేరిన పెళ్లివారిని ఊహించుకోండి. ప్రతి కారు అద్దం మీదా చేరాల్సిన సత్రం పేరు, కారు వరస నంబరు అతికించి ఉన్నాయి. కొన్ని కార్లు ఏలూరు మీదుగా వెళ్లాయి. హైవే మీద ట్రాఫిక్ ఆగిందని తెలిసి కొన్ని భీమవరం వైపు తిరిగాయి. ఆరో కారు నాలుగోదానికన్నా ముందే చేరవచ్చు. ఫరవాలేదు, సత్రం గుమ్మంలో పెళ్లిపెద్ద నంబర్ల ప్రకారం లెక్క చూసుకుంటాడు. పదకొండోది రాలేదంటే వెంటనే కబురు పెడతాడు. నెట్‌వర్క్‌లో జరిగేదీ ఇదే. ఒక్కటే తేడా. తప్పిపోయిన ప్యాకెట్ కోసం ఎవరూ వెతకరు, దాని నకలును మళ్లీ పంపుతారు.

ప్యాకెట్ మీద గమ్యం రాసి దారిన పెట్టే నియమావళి ఐపీ. చేరినవాటిని వరసలో పేర్చి, రానివాటిని మళ్లీ అడిగి తెప్పించే నియమావళి టీసీపీ. ఈథర్నెట్‌లో ఒక్కో ప్యాకెట్ పరిమితి సాధారణంగా 1,500 బైట్లు. అందులో కనీసం 40 బైట్లు ఈ రెండు నియమావళులు రాసుకునే వివరాలకే పోతాయి. అమ్మ పంపిన పలకరింపు, దాన్ని భద్రపరిచే అదనపు బైట్లతో కలిపినా ఒక్క ప్యాకెట్‌లో సులువుగా ఇమిడిపోతుంది. అదే అమ్మ ఆవకాయ జాడీల ఫోటో పంపిందనుకోండి. అది 3 మెగాబైట్లుంటే రెండు వేలకు పైగా ప్యాకెట్లవుతుంది. అవన్నీ అవతలి ఒడ్డున మళ్లీ ఒకే ఫోటోగా అతుక్కోవాలి. అతుక్కుంటున్నాయి కూడా.

తొలి ప్రయత్నం మాత్రం రెండు అక్షరాల దగ్గరే ఆగిపోయింది. 1969 అక్టోబరు 29 రాత్రి లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లెనార్డ్ క్లైన్‌రాక్ ప్రయోగశాల నుంచి, స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలోని కంప్యూటరుకు చార్లీ క్లైన్ అనే విద్యార్థి ‘లాగిన్’ అనే మాటను పంపబోయాడు. ఎల్, ఓ అనే రెండు అక్షరాలు చేరగానే అవతలి వ్యవస్థ కుప్పకూలింది. గంట తర్వాత మళ్లీ ప్రయత్నిస్తే పూర్తిగా చేరింది. అమెరికా రక్షణ శాఖ నిధులతో నడిచిన ఆ నెట్‌వర్క్ పేరు ఆర్పానెట్.

తర్వాత రేడియో నెట్‌వర్కులు, ఉపగ్రహ నెట్‌వర్కులు పుట్టుకొచ్చాయి. ఎవరి పద్ధతి వారిది. వాటన్నిటినీ కలిపేందుకు వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో ప్రచురించిన ఆలోచనే టీసీపీ, ఐపీలకు మూలం. 1983 జనవరి 1న ఆర్పానెట్ ఆ పద్ధతికి పూర్తిగా మారింది. లోపల మీరు ఏ యంత్రమైనా వాడుకోండి, ఇతరులతో మాట్లాడేటప్పుడు మాత్రం ఈ నియమం పాటించండి అన్నదే వాళ్ల ప్రతిపాదన సారం. ఎవరి స్వేచ్ఛనూ లాక్కోకుండా అందరినీ కలిపినందువల్లే అది ప్రపంచమంతా పాకింది.

పేరు మనకు, అంకె యంత్రానికి

బ్రౌజర్‌లో మనం పత్రిక పేరో, బ్యాంకు పేరో కొడతాం. ప్యాకెట్ మీద మాత్రం అంకెల చిరునామాయే ఉండాలి. మొదట్లో కంప్యూటర్లు కొన్నే కాబట్టి వాటి పేర్లు, అంకెలు అన్నీ ఒకే జాబితాలో ఉండేవి. స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్‌లర్ బృందం ఆ జాబితాను చేత్తో నిర్వహించేది. కొత్త కంప్యూటరు చేరాలంటే వాళ్లకు చెప్పి నమోదు చేయించుకోవాలి. సంఖ్య పెరిగేకొద్దీ అది మోయలేని భారమైంది. 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్ పద్ధతిని రూపొందించాడు. జాబితా మొత్తం ఒకచోట ఉండదు. ప్రపంచమంతా పంచి ఉంటుంది. డాట్ ఇన్ సంగతి ఒకరికి తెలుసు, ఆ కింద ఫలానా బ్యాంకు సంగతి ఇంకొకరికి తెలుసు. అందరికంటే పైన ఉండే రూట్ సర్వర్లు (సర్వర్ అంటే అడిగినదానికి జవాబిచ్చే కంప్యూటరు) 13 పేర్లతో నడుస్తాయి. వాటి నకళ్లు మన దేశంతో సహా ప్రపంచమంతటా వెయ్యికి పైగా చోట్ల ఉన్నాయి. మీరు పేరు కొట్టి ఎంటర్ నొక్కాక, పేజీ తెరుచుకునేలోపే ఈ విచారణంతా పూర్తవుతుంది.

ఆ పేర్లు ఇంగ్లిషులోనే ఉండాలన్న నియమం ఇప్పుడు లేదు. మన దేశానికి డాట్ ఇన్‌తో పాటు తెలుగు లిపిలో ‘.భారత్’ కూడా ఉంది. ఉన్నదని తెలిసినవారు తక్కువ, వాడేవారు ఇంకా తక్కువ. ప్రభుత్వ కార్యాలయాలు, పాఠశాలలు, పంచాయతీలు ముందుకొచ్చి తెలుగు చిరునామాలు వాడటం మొదలుపెడితే ఇంగ్లిషు రాని పెద్దలకు ఒక తలుపు తెరుచుకుంటుంది.

అంకెలకూ ఒక కథ ఉంది. పాత ఐపీ పద్ధతిలో మొత్తం చిరునామాలు సుమారు 429 కోట్లు. 1980ల్లో అది అంతులేని సంఖ్యలా కనిపించింది. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ భాండాగారంలోని ఆఖరి వాటాలు కూడా పంపిణీ అయిపోయాయి. పాతది 32 బిట్లది, దాని తర్వాత వచ్చిన ఐపీవీ6 ఏకంగా 128 బిట్లది. ఇప్పట్లో అయిపోయే సంఖ్య కాదది. ఇంటర్నెట్‌లోకి ఆలస్యంగా వచ్చిన మనకు పాత అంకెలు తక్కువే దక్కాయి. కొత్త పద్ధతి వాడకంలో మాత్రం భారత్ ప్రపంచంలో ముందు వరసలో ఉంది. మీ ఫోనులో మొబైల్ డేటా నడుస్తోందంటే చాలావరకు అది ఐపీవీ6 మీదే.

స్తంభం మీద, సముద్రం కింద

ఇంటర్నెట్ ఆకాశంలో ఉందని, ఉపగ్రహాల నుంచి దిగుతుందని చాలామంది నమ్మకం. నిజానికి అది నేల మీద, నీటి కింద ఉంది. ఖండాల మధ్య సమాచారంలో నూటికి 95 పాళ్లకు పైగా ప్రయాణించేది సముద్రగర్భ కేబుళ్లలోనే. మొబైల్ టవర్ కూడా మీ ఫోను నుంచి తన దాకానే గాలిలో. ఆ పైన ఎక్కువగా తీగే.

ఆ తీగ గుండెకాయ ‘ఫైబర్’ అనే గాజు పోగు. దాని మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. ఒక చివర లేజర్ కాంతిని వెలిగించి ఆర్పుతుంటే రెండో చివర ఆ మినుకులను బిట్లుగా చదువుకుంటారు. స్వచ్ఛమైన గాజులో కాంతిని ఎంతో దూరం పంపవచ్చని 1966లో చూపిన చార్లెస్ కావోకు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. గాజులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. తెనాలి నుంచి డాలస్‌కు తిన్నగా గాజు పోగు వేసినా ఒక వైపు ప్రయాణానికి సెకనులో పద్నాలుగో వంతు పడుతుంది. అసలు దారి చుట్టుతిరుగుడు కాబట్టి ఇంకాస్త ఎక్కువ. విదేశంలో ఉన్నవాళ్లతో వీడియో కాల్‌లో మాట కొంచెం ఆలస్యంగా వినిపించడానికి ఈ దూరం కూడా ఒక కారణం. ఎంత ఖరీదైన ప్లాన్ తీసుకున్నా కాంతి వేగాన్ని కొనలేం.

అమ్మ ఇంటి ఫైబర్ వీధి స్తంభం మీదుగా కేబుల్ ఆపరేటర్ గదికి, అక్కడి నుంచి పట్టణంలోని పెద్ద కేంద్రానికి వెళ్తుంది. ఈ ఊళ్ల దారి వేయడానికి తెలుగు రాష్ట్రాలు రెండు వేర్వేరు పద్ధతులు ఎంచుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగింది. ఖర్చు, సమయం కలిసొచ్చాయి, కానీ గాలివాన వస్తే తీగకు ముప్పు. తెలంగాణలో టీ-ఫైబర్ కోసం మిషన్ భగీరథ తాగునీటి గొట్టాల కందకాల్లోనే ఫైబర్ గొట్టాలనూ వేశారు. భూమిలో ఉన్నది గాలికి తెగదు, అయితే రోడ్డు తవ్వే యంత్రం దాన్ని వదలదు. పంచాయతీలన్నిటికీ ఫైబర్ అందించాలని కేంద్రం 2011లో ఆమోదించిన పథకమే నేటి భారత్‌నెట్. పంచాయతీ కార్యాలయం దాకా తీగ రావడం ఒక ఎత్తు, అది పనిచేస్తూ ఉండటం ఇంకో ఎత్తు. తెగిన తీగను అతికే మనిషి, పరికరం మండలంలో ఉన్నాయా అన్నది గ్రామసభలో అడగాల్సిన ప్రశ్న.

అక్కడి నుంచి దారి సముద్రం వైపు. మన దేశానికి వచ్చే అంతర్జాతీయ కేబుళ్లు ఎక్కువగా ముంబయి, చెన్నై తీరాల్లో గట్టెక్కుతాయి. కొచ్చి, తూత్తుకుడి కూడా ఉన్నాయి. లోతు సముద్రంలో ఆ కేబుల్ మందం రెండు సెంటీమీటర్లకు అటూ ఇటూ. ఒడ్డు దగ్గర లంగర్లు, వలలు తగిలే చోట ఉక్కు కవచంతో ఇంకా లావుగా ఉంటుంది. కాంతి బలహీనపడకుండా 60 నుంచి 100 కిలోమీటర్లకు ఒకటి చొప్పున దాన్ని పెంచే పరికరాలు అమరుస్తారు. ప్రపంచవ్యాప్తంగా ఏటా 150 నుంచి 200 దాకా కేబుళ్లు దెబ్బతింటాయి. చాలావాటికి కారణం చేపల వేట, ఓడల లంగర్లు. ఓడ వెళ్లి, తెగిన కొసలను పైకి లాగి, పోగు పోగూ అతికి మళ్లీ కిందికి దించాలి. దారులు ఎక్కువ ఉన్నచోట ఇది ఎవరికీ తెలియకుండానే గడిచిపోతుంది. ఒకే దారి ఉన్నచోట గండమే. 2022 జనవరి 15న సముద్రగర్భ అగ్నిపర్వతం పేలి టోంగా దేశపు కేబుల్ తెగింది. దాన్ని సరిచేసేందుకు అయిదు వారాలు పట్టింది.

అందుకే మన తూర్పు తీరంలో చెన్నైకి తోడు మరో గట్టు అవసరం. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో డేటా సెంటర్ల సముదాయం నిర్మిస్తామని ప్రకటించింది. సముద్రగర్భ కేబుళ్లు దిగే కేంద్రం కూడా అందులో భాగం. డేటా సెంటర్లు కరెంటును, చాలాచోట్ల నీటిని కూడా పెద్ద మొత్తంలో వాడతాయి. కాబట్టి ఉద్యోగాల లెక్కతో పాటు ఆ లెక్కలూ ప్రజల ముందుండాలి. కేబుల్ మాత్రం తీరానికి నిజమైన లాభం. ఒక దారి తెగితే ఇంకో దారి ఉండటమే నెట్‌వర్క్‌కు అసలు బలం.

దారి చెప్పేదెవరు?

ఇంటర్నెట్‌కు కేంద్ర కార్యాలయం లేదు. జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్, విశ్వవిద్యాలయాలు, గూగుల్ వంటి సంస్థలు... వేల కొద్దీ నెట్‌వర్కులు ఎవరికి వారు స్వతంత్రం. ప్యాకెట్ వచ్చిన ప్రతి కూడలిలో ఒక రౌటర్ ఉంటుంది. దానికి మొత్తం దారి తెలియనక్కర్లేదు. ఈ గమ్యానికి తర్వాతి అడుగు ఎటు అన్నది తెలిస్తే చాలు. ఆ సమాచారాన్ని నెట్‌వర్కులు ఒకరికొకరు చెప్పుకునే నియమావళి బీజీపీ. ‘ఈ చిరునామాలు నా దగ్గరున్నాయి, వీటికి వెళ్లాలంటే నా మీదుగా రండి’ అని ప్రతి నెట్‌వర్కూ చాటుతుంది. 1989లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో కర్క్ లౌహీడ్, యాకోవ్ రెక్టర్ భోజనాల బల్ల దగ్గర కూర్చుని కాగితపు రుమాళ్ల మీద దీని తొలి రూపం గీశారు.

ఈ పద్ధతికి పునాది నమ్మకం. నమ్మకం తప్పితే ఏమవుతుందో 2008 ఫిబ్రవరి 24న తేలింది. యూట్యూబ్‌ను తమ దేశంలో ఆపాలనుకున్న పాకిస్థాన్ టెలికాం, యూట్యూబ్‌కు దారి తన మీదుగానే ఉందని చాటింది. ఆ చాటింపు దేశం దాటింది. ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ సుమారు రెండు గంటలు ఆగిపోయింది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ నిర్వహణ పనిలో జరిగిన పొరపాటుతో తన చిరునామాల చాటింపును తానే వెనక్కు తీసుకుంది. దాంతో ఫేస్‌బుక్ సైట్ల పేర్ల విచారణకు జవాబిచ్చే సర్వర్లకే దారి లేకుండా పోయింది. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌తో సహా అన్నీ దాదాపు ఆరు గంటలు మూగబోయాయి. యంత్రాలు బాగానే ఉన్నాయి, దారి మాత్రమే పోయింది. పాకిస్థాన్ టెలికాం ఉదంతం లాంటి తప్పుడు చాటింపుల తర్వాతే, చాటింపు చేసినవారికి ఆ హక్కు ఉందో లేదో డిజిటల్ సంతకంతో సరిచూసే పద్ధతి ఊపందుకుంది.

మన ‘తిన్నావా?’ ఇలాంటి కూడళ్లు ఎన్నో దాటి వాట్సాప్ సర్వర్‌కు చేరితే ఒక టిక్కు. అక్కడి నుంచి కొడుకు ఫోనుకు చేరితే రెండు టిక్కులు. చదివితే నీలం రంగు. ఒక్క టిక్కుతో ఆగిందంటే అమ్మ వైపు నెట్ బాగానే ఉందని, కొడుకు ఫోనే ఇంకా నెట్‌లోకి రాలేదని అర్థం చేసుకోవచ్చు. కంగారు పడక్కర్లేదు.

వెబ్ వేరు, ఇంటర్నెట్ వేరు

బ్రౌజర్‌లో కనిపించేదే ఇంటర్నెట్ అనుకోవడం సహజం. కానీ వెబ్ అనేది ఇంటర్నెట్ మీద నడిచే సేవల్లో ఒకటి మాత్రమే. ఈమెయిల్ దానికన్నా చాలా ముందే ఉంది. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ 1989లో ప్రతిపాదించిన వెబ్‌ను, 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ రుసుము లేకుండా ప్రపంచానికి వదిలేసింది. ఒక్కో లింకుకు పైసా చొప్పున వసూలు చేసి ఉంటే ఈ రోజు పల్లెటూరి విద్యార్థికి పాఠం ఇంత సులువుగా దొరికేది కాదు.

మన దేశంలో మామూలు ప్రజలకు ఇంటర్నెట్ తలుపు తెరిచింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ సంస్థ. టెలిఫోన్ లైను మీద సెకనుకు 9,600 బిట్ల వేగం. ఆ వేగంలో అమ్మ పంపిన ఆవకాయ ఫోటో చేరడానికి 40 నిమిషాలకు పైగా పట్టేది. నేటి 100 ఎంబీపీఎస్ లైనులో పావు సెకను చాలు. ఇక్కడో చిన్న లెక్క గుర్తుపెట్టుకోండి. ప్లాన్‌లో చెప్పేది మెగాబిట్లు, ఫైళ్లను కొలిచేది మెగాబైట్లు. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు గరిష్ఠంగా పన్నెండున్నర మెగాబైట్లే.

దారిలో ఎవరు చదవగలరు?

ఇన్ని చేతులు మారే ప్యాకెట్‌ను దారిలో విప్పి చూడలేరా అన్న సందేహం రావాలి. ఒకప్పుడు చూడగలిగేవారు. ఇప్పుడు చాలా సైట్లు హెచ్‌టీటీపీఎస్ వాడుతున్నాయి. మీ బ్రౌజరుకు, ఆ సైటుకు మధ్య మాటలు గూఢలిపిలో ఉంటాయి. మీరు ఏ సైటుకు వెళ్లారన్నది నెట్ కంపెనీకి సాధారణంగా తెలుస్తుంది, అక్కడ ఏం చదివారో, ఏ పాస్‌వర్డ్ కొట్టారో తెలియదు. వాట్సాప్ 2016 నుంచి ఇంకో అడుగు ముందుకేసి పంపినవారు, అందుకున్నవారు తప్ప మధ్యలో తానూ చదవలేని పద్ధతి పెట్టింది.

కానీ ఒక్క మాట ఇంట్లో పెద్దవాళ్లకు తప్పక చెప్పండి. హెచ్‌టీటీపీఎస్ ఉందంటే దారి భద్రమని మాత్రమే. అవతలి మనిషి మంచివాడని కాదు. దొంగ సైటుకూ అది ఉంటుంది. అందుకే పేరు చూడాలి. పేరును కుడి నుంచి ఎడమకు చదవాలి. డాట్ ఇన్, డాట్ కామ్, డాట్ కో డాట్ ఇన్ లాంటి చివరి భాగానికి సరిగ్గా ముందున్న పేరే అసలు యజమాని. బ్యాంకు పేరు అంతకు ముందెక్కడో ఉండి, చివర మరేదో పేరుంటే అది బ్యాంకు సైటు కాదు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. మోసపోయామని తెలిసిన క్షణమే 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి ఆలస్యం చేస్తే లాభపడేది దొంగే.

నెట్ ఆగిందా? ఇలా వెతకండి

మొదట ఫైబర్ పెట్టె మీది లైట్లు చూడండి. ‘ఎల్ఓఎస్’ దగ్గర ఎర్ర లైటు వెలుగుతుంటే మీ దాకా కాంతి రావడం లేదని అర్థం. తీగ తెగి ఉండవచ్చు, వంగి ఉండవచ్చు. ఎన్నిసార్లు ఆపి వేసినా ఉపయోగం లేదు, ఆపరేటర్‌కు ‘ఎర్ర లైటు వస్తోంది’ అని చెప్పండి. మాట సూటిగా ఉంటే మనిషి త్వరగా వస్తాడు.

ఎర్ర లైటు లేదు కానీ ఒక్క ఫోనులోనే నెట్ రావట్లేదంటే లోపం ఆ ఫోనులోది. అన్ని పరికరాల్లోనూ రాకపోతే రౌటర్‌ను ఓ అర నిమిషం ఆపి, మళ్లీ వేయండి.

కొన్ని యాప్‌లు పనిచేస్తూ సైట్లు మాత్రం తెరుచుకోకపోతే డీఎన్ఎస్‌ను అనుమానించాలి. కంప్యూటరు ఉంటే 8.8.8.8 అనే చిరునామాకు ‘పింగ్’ అనే ఆదేశంతో ఒక పలకరింపు పంపి చూడండి. జవాబు వచ్చి, పేర్లు మాత్రం తెరుచుకోకపోతే దారి బాగానే ఉంది, పేరును అంకెగా మార్చే చోట తేడా ఉంది. రౌటర్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ మార్చితే చాలాసార్లు సరిపోతుంది.

వేగం తక్కువనిపిస్తే ఫిర్యాదుకు ముందు రౌటర్ పక్కన నిలబడి, వీలైతే తీగతో కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. అక్కడ సరిగా ఉండి పడగ్గదిలో లేకపోతే సమస్య వైఫైది, కంపెనీది కాదు. అక్కడా తక్కువే ఉంటే కంపెనీని గట్టిగా అడగండి.

ఇది అందరిదీ

1969 ఏప్రిల్‌లో స్టీవ్ క్రాకర్ అనే విద్యార్థి తమ బృందం చర్చలను రాసిపెట్టి, అభిప్రాయాలు చెప్పండని అందరికీ పంచాడు. ఆ పద్ధతి నేటికీ ఆగలేదు. ఇంటర్నెట్ మూల నియమాలు చాలావరకు అలాంటి పత్రాలుగానే బయటికి వస్తాయి. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. వాటిని రూపొందించే ఐఈటీఎఫ్ అనే వేదికలో చేరడానికి డిగ్రీ అడగరు, సభ్యత్వ రుసుమూ లేదు. తప్పు చూపినవాడి హోదా ఎవరూ పట్టించుకోరు, చూపిన తప్పు నిజమేనా అన్నదే చూస్తారు. ఈ బహిరంగ పద్ధతే ఇంటర్నెట్‌ను ఏ ఒక్కరి సొత్తూ కాకుండా కాపాడుతోంది. దాన్ని కొద్దిమంది గుప్పిట్లోకి పోనివ్వకుండా చూసుకోవాల్సింది వాడేవాళ్లమైన మనమే.

తెలుగు నేల నుంచి వేలాదిమంది సాఫ్ట్‌వేర్ నిపుణులు ప్రపంచమంతా ఉన్నారు. అయినా మన బడుల్లో కంప్యూటరు పాఠమంటే చాలావరకు బొమ్మలు గీయడం, టైపింగ్ నేర్చుకోవడం దగ్గరే ఆగిపోతోంది. ఒక పాత రౌటర్, రెండు తీగలు, రెండు పాత కంప్యూటర్లు ఉంటే తొమ్మిదో తరగతి పిల్లలు సొంతంగా నెట్‌వర్క్ కట్టి చూడగలరు. ప్యాకెట్ ఎటు పోయిందో కళ్లారా చూసిన పిల్లవాడికి ఇంటర్నెట్ మీద భయం ఉండదు, గుడ్డి నమ్మకమూ ఉండదు. తెలుగులో ఈమెయిల్ చిరునామా అన్ని చోట్లా పనిచేసే రోజు రావాలన్నా, పల్లె తీగ తెగితే ఒక్క పూటలో అతుక్కోవాలన్నా ఈ విద్య తెలిసినవాళ్లు ఊరూరా కావాలి. ప్రతి మండలంలో ఒక్క ఉన్నత పాఠశాలతో మొదలుపెట్టినా చాలు. పత్రాలు ఉచితం, పరికరాలు చవక. పెట్టాల్సిందల్లా మనసు.